చన్నీళ్లలో స్కూబా డైవింగ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఐస్‌లాండ్‌లోని థింగ్వెల్లిర్ జాతీయ ఉద్యానవనంలో ఉన్న సిల్‌ఫ్రా అనే నీటి చీలిక గురించి గత సంచికలో రాశాం. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు ఎడమవుతున్న ప్రాంతంలో ఏర్పడిన ఆ చీలికలోకి లాంగ్‌యోకుల్ హిమానీనదపు నీరు లావా రాళ్ల గుండా దశాబ్దాల తరబడి ఊరుతూ వచ్చి చేరుతుంది. అందుకే ఆ నీటిలో వంద మీటర్ల దూరం వరకూ చూపు ఆనుతుంది. నీటి ఉష్ణోగ్రత మాత్రం ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ మధ్యనే ఉంటుంది. ఆ వ్యాసం చదివి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ మందికి పనికివచ్చేవి ఇక్కడ తీసుకుంటున్నాం.

ప్రశ్న: నేనూ నా భార్యా అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో ఓపెన్ వాటర్ అనే తొలి డైవింగ్ కోర్సు పూర్తి చేశాము. ఈ డిసెంబరులో ఐస్‌లాండ్ వెళుతున్నాము. నాకు చలిని ఓర్చుకునే శక్తి ఎక్కువ. ఢిల్లీలో చదువుకునే రోజుల్లో జనవరిలో కూడా చన్నీళ్ల స్నానమే చేసేవాడిని. మేము సిల్‌ఫ్రాలో డైవ్ చేయవచ్చా?
– కొండాపూర్, హైదరాబాదు

జవాబు: ఇప్పుడు మీ చేతిలో ఉన్న సర్టిఫికెట్‌తో మాత్రం చేయలేరు. అక్కడ సిలిండరుతో దిగాలంటే మామూలు డైవింగ్ సర్టిఫికెట్‌తోపాటు డ్రై సూట్ (నీళ్లు లోపలికి రాకుండా ఒంటిని పొడిగా ఉంచే దుస్తులు) డైవర్ సర్టిఫికెట్ గానీ, గత రెండేళ్లలో కనీసం పది డ్రై సూట్ డైవ్‌లు చేసినట్లు శిక్షకుడు సంతకం చేసిన ఆధారం గానీ చూపాలి. హావ్‌లాక్‌లో నీళ్లు ఏడాదంతా వెచ్చగానే ఉంటాయి కాబట్టి డ్రై సూట్ అవసరం మీకు అక్కడ వచ్చి ఉండదు.

ఇక చలి ఓర్చుకునే శక్తి గురించి. చన్నీళ్ల స్నానం ఐదు నిమిషాల్లో ముగుస్తుంది, ఆపైన తువాలు ఉంది. సిల్‌ఫ్రాలో డైవ్ అరగంటకు పైగా సాగుతుంది; నీరు గాలి కంటే ఇరవై రెట్లకు మించిన వేగంతో ఒంట్లోని వేడిని లాగేస్తుంది. అయినా అక్కడ మనిషిని ఇబ్బంది పెట్టేది చలి ఒక్కటే కాదు, చలినుంచి కాపాడే దుస్తులు కూడా. డ్రై సూట్ లోపల గాలి ఉంటుంది, ఆ గాలే మిమ్మల్ని వెచ్చగా ఉంచుతుంది. కానీ పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి పీడనం రెట్టింపై ఆ గాలి సగానికి కుదించుకుపోతుంది. సూట్ ఒంటిని అన్ని వైపుల నుంచీ నొక్కి, మడతలు పడిన చోటల్లా చర్మాన్ని కందగొడుతుంది. అప్పుడు ఛాతీ మీది బటను నొక్కి కొద్దికొద్దిగా గాలి ఎక్కించుకోవాలి. పైకి వచ్చేటప్పుడు అదే గాలి మళ్లీ వ్యాకోచిస్తుంది కనుక ఎడమ మోచేతిని ఎత్తి, భుజం దగ్గరి వాల్వు గుండా దాన్ని వదిలిపెడుతుండాలి. ఆ వాల్వును తెరిచి ఉంచడం మరిచిపోయినవారు తమ ప్రమేయం లేకుండానే నీటిపైకి తేలిపోతారు.

ఇంకొక ఇబ్బంది ఉంది. తల కిందికి, కాళ్లు పైకి అయ్యాయంటే గాలంతా పాదాల్లోకి చేరి, మనిషి తలకిందులుగా వేలాడుతూ పైకి కొట్టుకుపోతాడు. అలా జరిగినప్పుడు మోకాళ్లను పొట్టలోకి ముడుచుకుని, పిల్లిమొగ్గ వేసినట్లు ఒక్క చుట్టు తిరిగి, తలను పైకి తెచ్చుకుని గాలి వదలాలి. చదివితే తేలికగానే ఉంటుంది, కానీ ఒకటి రెండు సార్లు శిక్షకుడి కళ్లముందు చేసి చూస్తే తప్ప ఒంటికి పట్టదు. సిల్‌ఫ్రాలో గరిష్ఠంగా 18 మీటర్ల వరకే అనుమతిస్తారు కనుక అది సులువైన డైవ్ అనుకునేవారున్నారు. నిజానికి గాలి పరిమాణం వేగంగా మారేది ఆ పై పది మీటర్లలోనే. పైగా అక్కడి దారి కొంత దూరం లోతుగా సాగి, తరువాత బండరాళ్ల మీదుగా చాలా తక్కువ లోతుకు వస్తుంది. సూట్ వాడకం చేతిలో లేనివారు తడబడేది సరిగ్గా అక్కడే.

మీకు రెండు దారులున్నాయి. ఐస్‌లాండ్‌లోనే ముందు రోజు డ్రై సూట్ కోర్సు చేయించి, మరునాడు సిల్‌ఫ్రాకు తీసుకెళ్లే సంస్థలున్నాయి. దూర ప్రయాణపు బడలికతో, పగటి వెలుగు నాలుగైదు గంటలే ఉండే డిసెంబరులో కొత్త విద్య నేర్చుకోవడం మాకు అంతగా నచ్చదు. నేర్చుకున్నదంతా ఒకే రోజులో ఒంటికి పట్టించుకోవాలి మరి. రెండవ దారి స్నార్కెలింగ్. దానికి డైవింగ్ సర్టిఫికెట్ అక్కరలేదు, ఈత వస్తే చాలు. డ్రై సూట్ ఇస్తారు, గైడు వెంట ఉంటారు, మీరు నీటిపైనే తేలుతూ కిందికి చూస్తారు. వంద మీటర్లు కనిపించే నీటిలో పైనుంచి చూసినా చీలిక అడుగుదాకా కనిపిస్తుంది. ఈ ప్రయాణానికి స్నార్కెలింగ్‌తో సరిపెట్టుకుని, డైవ్‌ను డ్రై సూట్ చేతికి వచ్చాక చేసే మరో ప్రయాణానికి ఉంచుకోమని మా సలహా.

ప్రశ్న: డ్రై సూట్ లోపల ఏం వేసుకోవాలి? మంగళసూత్రం, గాజులు తీసివేయాలని ఒక స్నేహితురాలు చెప్పింది. అది నిజమేనా?
– రాజమహేంద్రవరం

జవాబు: లోపల వేసుకునేవి నూలు బట్టలు కాకూడదన్నది మొదటి నియమం. నూలు చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది; ఒంటికి అంటిన తడి బట్ట సూట్ చేసే మేలంతా చెడగొడుతుంది. ఒంటిని అంటి ఉండేలా పలచని మెరినో ఉన్ని లేదా పాలియెస్టరు లోదుస్తులు, వాటిపైన మందపాటి ఫ్లీస్, కాళ్లకు ఉన్ని మేజోళ్లు వేసుకుంటారు. మేజోళ్లు ఒకదానిపై ఒకటి తొడిగి పాదాన్ని బిగించవద్దు, రక్తం ఆడకపోతే ఎంత ఉన్ని ఉన్నా వేళ్లు చల్లబడతాయి. ఫ్లీస్ సూటును సాధారణంగా సంస్థవారే ఇస్తారు. వేసుకున్నాక ఒడ్డుమీద పరుగులు పెట్టి చెమట పట్టించుకోవద్దు.

ఆభరణాల విషయంలో మీ స్నేహితురాలు చెప్పినది సబబే, అయితే అన్నిటికీ ఒకే నియమం కాదు. నీళ్లు లోపలికి రాకుండా ఆపేది మెడ దగ్గర, మణికట్టు దగ్గర చర్మానికి బిగుతుగా అతుక్కునే పలచని లాటెక్స్ పట్టీ. దాని కింద సన్నని దారం ఉన్నా ఆ దారం వెంట నీరు లోపలికి పాకుతుంది. కాబట్టి గాజులు, చేతికి కట్టుకున్న రక్షలు, తిరుపతి కాశీదారాలు, గడియారం తీసివేయాలి. ఉంగరాలు పట్టీని చింపగలవు, అదీకాక చలికి వేళ్లు సన్నబడినప్పుడు జారి నీటిపాలు కాగలవు. మంగళసూత్రం గొలుసు పొడవుగా ఉండి, మెడ మొదలుకు దిగువన ఫ్లీస్ లోపల పూర్తిగా ఇమిడిపోతే ఉంచుకోవచ్చు. పట్టీ ఆనే చోట గొలుసు తగులుతుంటే మాత్రం తీసి భద్రంగా దాచుకోవడమే మంచిది. నీటిలోకి దిగాక మెడ దగ్గర చల్లటి ధార వెన్ను మీదికి జారడం మొదలైతే డైవ్ అక్కడితో ముగిసినట్లే.

జడ గురించి మీరు అడగలేదు, కానీ మన ఆడవాళ్లకు ఎక్కువ ఇబ్బంది దానితోనే. మెడ పట్టీ కింద నాలుగు వెంట్రుకలు చిక్కుకున్నా నీరు వస్తుంది. నూనె రాయకుండా బిగుతైన జడ వేసి, మెడకు పైన తలకు చుట్టి హుడ్ (తలతొడుగు) కిందికి తోయాలి. నూనె లాటెక్స్‌ను పాడుచేస్తుంది కూడా. గోళ్లు కత్తిరించుకుని వెళ్లండి. పట్టీని లాగి తొడుక్కునేటప్పుడు గోటితో కాక వేళ్ల మెత్తటి భాగంతో సాగదీయండి. సన్నని మణికట్టు ఉన్నవారు పిడికిలి బిగించినప్పుడల్లా నరాలు పైకి లేచి పట్టీకీ చర్మానికీ మధ్య సందు ఏర్పడుతుంది, కాబట్టి నీటిలో చేతులను వదులుగా ఉంచాలి. చేతులకు ఇచ్చే నియోప్రీన్ తొడుగుల్లోకి నీళ్లు వస్తాయి. వేళ్లు కొంకర్లు పోయినట్లు అనిపించడం మామూలే. పెదవులు మొద్దుబారతాయి, అది కూడా మామూలే.

ఇంకొకటి: చలి నీటిలో మూత్రం త్వరగా వస్తుంది, డ్రై సూట్ విప్పడం మాత్రం త్వరగా అయ్యే పని కాదు. అందుకని తొడుక్కునే ముందే వెళ్లి రండి. నీళ్లు తాగడం మాత్రం మానవద్దు. ఉపవాసం ఉన్న రోజున దిగవద్దు.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. పదేళ్లుగా బీపీ మాత్రలు వాడుతున్నాను, బీపీ అదుపులోనే ఉంది. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వేసవిలో మమ్మల్ని ఐస్‌లాండ్ తీసుకెళ్లి సిల్‌ఫ్రాలో స్నార్కెలింగ్ చేయిస్తానంటున్నాడు. గోదావరిలో ఈదిన వాణ్ని. వెళ్లవచ్చా?
– గుంటూరు

జవాబు: గోదావరి ఈత మీకు ధైర్యాన్నిస్తుంది, మంచిదే. అయితే ఇక్కడ ఆలోచించవలసింది ఈత గురించి కాదు, గుండె గురించి. నీటిలో ఉన్నప్పుడు కాళ్లలోని రక్తం కొంత ఛాతీలోకి మళ్లుతుంది. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకోవడంతో ఆ భారం ఇంకా పెరిగి రక్తపోటు ఎగబాకుతుంది. కొందరిలో, ముఖ్యంగా వయసు పైబడి రక్తపోటు ఉన్నవారిలో, ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోకి ద్రవం చేరుతుంది. దీన్ని వైద్యులు ఇమ్మర్షన్ పల్మనరీ ఎడీమా అంటారు. బాగా ఈత వచ్చినవారికి కూడా, లోతుకు దిగకుండా నీటిపైన ఉన్నవారికి కూడా ఇది రావచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, దగ్గు, నురుగుతో కూడిన కఫం, ఛాతీలో గురగుర దీని గుర్తులు. ఇవి కనిపించిన క్షణమే నీటిలోనుంచి బయటికి రావాలి. కాసేపు ఆగితే సర్దుకుంటుందిలే అని ఈదుతూ పోకూడదు.

సిల్‌ఫ్రాలో గతంలో మరణాలు జరిగాయి. 2017లో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక పర్యాటకుడు చనిపోయినప్పుడు చీలికను తాత్కాలికంగా మూసివేసి, నిబంధనలను కఠినం చేశారు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. వెళ్లేవారిలో అత్యధికులు క్షేమంగా నవ్వుతూ బయటికి వస్తారు. కానీ అక్కడ మీ చేతికి ఇచ్చే ఆరోగ్య ప్రశ్నావళిని మొక్కుబడిగా నింపవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాం. బీపీ ఉందా అన్న గడిలో లేదు అని గీసి, సరదా చెడకుండా చూసుకునే పెద్దలు మన ఇళ్లలో తక్కువేమీ కాదు. ప్రయాణానికి నెల రెండు నెలల ముందే మీ గుండె వైద్యుణ్ని కలిసి, 2 డిగ్రీల నీటిలో అరగంటకు పైగా ఉండబోతున్నానని ఇదే మాటల్లో చెప్పండి. మీరు వాడే మాత్రల పేర్లు చూపండి. బీటా బ్లాకర్ రకం మందులు వాడేవారి విషయంలో డైవింగ్ వైద్యులు మరింత జాగ్రత్త తీసుకుంటారు. ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమో కాదో ఆయనే నిర్ణయిస్తారు. ఆయన సరేనని రాసిస్తే ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.

వద్దంటే మీ ప్రయాణం వృథా అయినట్లేమీ కాదు. సిల్‌ఫ్రాకు దగ్గరలోనే అల్మన్నగ్యా అనే పొడవైన రాతి లోయ ఉంది. 930లో ఐస్‌లాండ్ వాసులు తమ శాసనసభ అల్‌థింగ్‌ను ఆరుబయట మొదలుపెట్టిన చోటు అదే. యునెస్కో 2004లో థింగ్వెల్లిర్‌ను ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. మీ అబ్బాయి నీటిలో ఉన్నంతసేపు మీరు ఆ దారిలో నడవవచ్చు. ఉన్ని టోపీ మరవవద్దు, వేసవిలోనూ అక్కడి గాలి చల్లగానే వీస్తుంది.

ప్రశ్న: అక్కడ ఒక చేత్తో అమెరికాను, మరో చేత్తో యూరప్‌ను తాకవచ్చని ప్రకటనల్లో చూశాను. నిజమా?
– తిరుపతి

జవాబు: ఫొటోకు బాగుంటుంది. భూఫలకాల సరిహద్దు అక్కడ ఒక్క గీతలాగా ఉండదు. కొన్ని కిలోమీటర్ల వెడల్పున కుంగిన లోయ అంతా ఆ సరిహద్దే, అందులో ఎన్నో చీలికలున్నాయి, సిల్‌ఫ్రా వాటిలో ఒకటి. ఫలకాలు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున ఎడమవుతున్నాయన్న మాట మాత్రం నిజం. చేతులు చాచి రాళ్లను పట్టుకోవద్దు. వదులుగా ఉన్న బండలు కదులుతాయి, అడుగున పేరుకున్న మెత్తటి మట్టి లేస్తే వెనుక వచ్చేవారికి ఏమీ కనబడదు. చేపల కోసం వెళ్లేవారు కూడా నిరాశపడతారు. అక్కడ కనిపించేది ప్రధానంగా నీలం రంగు నీళ్లు, రాళ్లకు వేలాడే పచ్చటి నాచు.

ప్రశ్న: గడ్డకట్టే చలిలో రెగ్యులేటర్ కూడా గడ్డకడుతుందని విన్నాను. మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థిని కనుక కారణం కూడా తెలుసుకోవాలని ఉంది.
– వరంగల్

జవాబు: సిలిండరులోని గాలి పీడనాన్ని తగ్గించి నోటికి అందించే పరికరమే రెగ్యులేటర్; దాని మొదటి దశ సిలిండరుకు బిగించి ఉంటుంది, రెండవ దశ నోటి దగ్గర ఉంటుంది. సిలిండరులో సుమారు 200 బార్ల (మామూలు గాలి పీడనానికి దాదాపు 200 రెట్ల) పీడనంతో ఉన్న గాలి రెగ్యులేటర్ మొదటి దశలో చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే పది బార్లు ఎక్కువ ఉండే స్థాయికి ఒక్కసారిగా దిగుతుంది. అలా వ్యాకోచించిన వాయువు చల్లబడుతుందని మీరు థర్మోడైనమిక్స్‌లో చదివే ఉంటారు. వేడి నీటిలో అయితే చుట్టూ ఉన్న నీరే లోహాన్ని తిరిగి వెచ్చబెడుతుంది. 2 డిగ్రీల నీటికి ఆ శక్తి లేదు. లోహం సున్నాకు దిగువకు పోయి, దానికి అంటిన నీరు స్ప్రింగు చుట్టూ మంచుగా మారి వాల్వును తెరిచిన స్థితిలోనే పట్టేస్తుంది. రెండవ దశలో ఆ పని చేసేది మీ ఊపిరిలోని తేమ. ఫలితం గాలి ఆగిపోవడం కాదు, ఆగకుండా బుసలు కొడుతూ రావడం. దీన్నే ఫ్రీ ఫ్లో అంటారు. నిండు సిలిండరు కూడా కొద్ది నిమిషాల్లో ఖాళీ అవుతుంది.

అందువల్ల చన్నీటి కోసం మొదటి దశలోకి నీరు చొరకుండా మూసివేసిన రకం రెగ్యులేటర్లు వాడతారు. యూరప్ ప్రమాణాల ప్రకారం 10 డిగ్రీలకన్నా చల్లటి నీటికి విడిగా పరీక్షించిన పరికరాలే తగినవి. మన తీరంలో కొనుక్కున్న రెగ్యులేటర్‌ను సంచిలో వేసుకుని వెళ్లకుండా అక్కడిదే అద్దెకు తీసుకోవడం మేలు. ఒడ్డున నిలబడి పనిచేస్తుందో లేదో చూద్దామని గాలి పీల్చి వదలడం చాలామందికి అలవాటు. గాలి సున్నాకు దిగువన ఉన్న రోజున ఆ రెండు ఊపిర్లే లోపల మంచు కట్టడానికి చాలు. నోరు నీటిలోకి వెళ్లాకే ఊపిరి తీయడం మొదలుపెట్టండి. సూట్‌లోకి గాలి ఎక్కించేటప్పుడు కొద్దికొద్దిగా, ఊపిరి పీల్చని క్షణంలో ఎక్కించండి; రెండు పనులూ ఒకేసారి చేస్తే మొదటి దశ గుండా గాలి మరీ వేగంగా పోతుంది. అయినా ఫ్రీ ఫ్లో వస్తే మౌత్‌పీస్‌ను పెదవులకు పూర్తిగా బిగించకుండా, ఎక్కువైన గాలిని పక్కలనుంచి పోనిస్తూ ఊపిరి తీసుకుంటూ గైడు వైపు సాగాలి. దీన్ని శిక్షణలో వెచ్చని నీటిలోనే అభ్యసిస్తారు. మీరు నేర్చుకునేటప్పుడు ఈ పాఠాన్ని ఇంకోసారి చేయించమని అడగండి.

ప్రశ్న: మేము బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాము. డ్రై సూట్ ఇక్కడే నేర్చుకుని ఐస్‌లాండ్ వెళ్లాలని ఆలోచన. ఎక్కడ మొదలుపెట్టాలి?
– బ్రిటన్‌నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఇన్ని ఉత్తరాల్లో సరైన వరసలో ఆలోచించిన ఉత్తరం మీది. మీకు దగ్గరలోనే లెస్టర్‌షైర్‌లో స్టోనీ కోవ్ ఉంది. ఒకప్పుడు గ్రానైటు తవ్విన గని అది, ఇప్పుడు నీటితో నిండి డైవింగ్ శిక్షణ కేంద్రమైంది. నీరు మసకగా ఉంటుంది, శీతాకాలంలో ఐదారు డిగ్రీలకు పడిపోతుంది. చూడడానికి ప్రత్యేకమైన అందమేమీ లేదు. అక్కడ మసకలో సూట్‌ను అదుపు చేయడం వచ్చినవారికి సిల్‌ఫ్రా స్పష్టత హాయిగా ఉంటుంది. సిల్‌ఫ్రాలాగే అది కూడా మంచినీరే. సముద్రపు నీటికంటే మంచినీటిలో మనిషి తక్కువ తేలుతాడు కనుక ఉప్పునీటిలో కుదిరిన సీసపు బరువుల లెక్క ఇక్కడ పనికిరాదు, మళ్లీ సరిచూసుకోవాలి. 1953లో మొదలైన బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్‌కు ఊరూరా శాఖలున్నాయి. వాటిలో చేరితే వారాంతాల్లో తోడు దొరుకుతుంది. ఒక్క కోర్సుతో ఆగకుండా శరదృతువంతా అప్పుడప్పుడూ దిగుతూ ఉండండి.

సూట్ చేతికి వచ్చాక ఐస్‌లాండ్ ఒక్కటే మీ గమ్యం కానక్కరలేదు. స్కాట్లాండ్ ఉత్తరాన ఆర్క్నీ దీవుల మధ్య స్కాపా ఫ్లో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడ నిర్బంధించిన జర్మన్ నౌకాదళాన్ని దాని అధికారులే 1919 జూన్ 21న ముంచివేశారు. 74 నౌకల్లో 52 మునిగాయి. చాలావాటిని తరువాత పైకి తీసి తుక్కుగా అమ్మేశారు, మూడు యుద్ధనౌకలు, నాలుగు క్రూజర్లు ఇంకా అడుగునే ఉన్నాయి. వేసవి చివర నీరు 13 డిగ్రీల దాకా వెచ్చబడుతుంది. అక్కడి లోతులకు ఓపెన్ వాటర్ తరువాతి శిక్షణ కావాలి. మా దృష్టిలో చన్నీటి డైవింగ్ విద్యకు తగిన ప్రతిఫలం సిల్‌ఫ్రా కంటే స్కాపా ఫ్లోలోనే ఎక్కువ.

అమెరికానుంచి రాసినవారికి కూడా ఇక్కడే ఒక మాట. సియాటిల్ పక్కన ప్యూజెట్ సౌండ్‌లో నీరు ఏడాదంతా సుమారు 7 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంటుంది, అక్కడివారు డ్రై సూట్‌తోనే దిగుతారు, అదృష్టం ఉంటే జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్ కనిపిస్తుంది. కాలిఫోర్నియాలోని మాంటెరేలో నీరు ఇంకాస్త వెచ్చన. అక్కడి కెల్ప్ (పొడవుగా పెరిగే సముద్రపు నాచు) అడవుల్లో చాలామంది లోపలికి నీరు చేరే 7 మిల్లీమీటర్ల మందపు వెట్ సూట్‌తోనే డైవ్ చేస్తారు. చల్లటి నీటికి మొదటిసారి అలవాటుపడడానికి అది మంచి చోటు.

ప్రశ్న: డైవ్ అయిన సాయంత్రమే మాకు తిరుగు విమానం ఉంది. ఇబ్బందేమైనా ఉందా? షెంగెన్ వీసాకు తీసుకున్న బీమా సరిపోతుందా?
– విశాఖపట్నం

జవాబు: ఇబ్బంది ఉంది. డైవ్‌లో ఒంట్లో కరిగిన నైట్రోజన్ పూర్తిగా వెళ్లకముందే విమానం ఎక్కితే తగ్గిన పీడనానికి అది బుడగలు కట్టి డికంప్రెషన్ జబ్బు తెస్తుంది. ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, రెండు మూడు చేసినవారు కనీసం 18 గంటలు ఆగాలని డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సిఫారసు. ఒక పూర్తి రోజు వదిలిపెట్టుకుంటే లెక్కలు వేసుకునే పని ఉండదు. స్నార్కెలింగ్ చేసేవారికి ఈ నియమం వర్తించదు.

చలికీ ఈ జబ్బుకూ సంబంధం ఉంది. డైవ్ అడుగున వెచ్చగా ఉండి, పైకి వచ్చేటప్పుడు చల్లబడిపోయినవారికి ముప్పు ఎక్కువని అమెరికా నౌకాదళం జరిపిన ప్రయోగాల్లో తేలింది. చల్లబడిన అవయవాల్లో రక్తం సరిగా ఆడక నైట్రోజన్ అక్కడే నిలిచిపోవడం దీనికి కారణం. కాబట్టి వణుకు మొదలవగానే గైడుకు సైగ చేయండి. డబ్బు కట్టాం కదా అని చివరిదాకా ఓర్చుకోవద్దు.

బీమా విషయానికి వస్తే, షెంగెన్ వీసా కోరేది కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుల రక్షణ. అది ఉన్నంత మాత్రాన డైవింగ్ ప్రమాదానికి డబ్బు వస్తుందని కాదు. చాలా ప్రయాణ బీమా పాలసీలు దీన్ని సాహస క్రీడగా లెక్కగట్టి మినహాయిస్తాయి. మినహాయింపుల పేజీ చదివి, స్కూబా, స్నార్కెలింగ్ అనే మాటలు ఎక్కడున్నాయో చూసి, లేకపోతే డైవింగ్ బీమా విడిగా తీసుకోండి.

డైవ్‌నుంచి నేరుగా బ్లూ లగూన్ వేడినీటి కొలనుకు టికెట్లు తీసుకున్నామని కూడా మీరు రాశారు. లోతైన డైవ్ అయిన వెంటనే వేడినీటిలో దిగితే చర్మం గబుక్కున వెచ్చబడి బుడగలు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. టికెట్ల తేదీ మార్చుకునే వీలుంటే దాన్ని మరునాటికి జరపండి. విమానం ఎలాగూ ఒక రోజు వాయిదా పడుతుంది కనుక ఆ ఖాళీ అందుకు సరిపోతుంది.